టర్కీలు తగ్గిపోతున్నాయంటున్నారు, వేటకి వెళ్ళవచ్చా?

అడిగిన ప్రశ్న: అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటున్నాం. మా వీధి చివర అడవి టర్కీలు గుంపుగా తిరుగుతుంటాయి. ఆఫీసులో ఒకాయన ఏప్రిల్‌లో టర్కీ వేటకి రమ్మంటున్నారు. కానీ దక్షిణాది రాష్ట్రాల్లో ఇవి బాగా తగ్గిపోయాయని చదివాను. తగ్గిపోతున్న పక్షిని చంపడం తప్పు కాదా? అసలు ఈ వేట ఇంకో పదేళ్ళు ఉంటుందా? నేను హెచ్-1బి మీద ఉన్నాను, అదేమైనా అడ్డమా?

సమాధానం:

తగ్గిన మాట నిజమేనండీ. జార్జియాలో తగ్గాయి, అలబామాలో తగ్గాయి, టెనెసీ, అర్కన్సా, మిసోరి, కాన్సస్, ఓక్లహోమాల్లో కూడా తగ్గాయి. కానీ దీనికి అసలు కారణం ఏప్రిల్‌లో మనం కొట్టే పుంజులు అనుకుంటే లెక్క తప్పుతుంది. మే, జూన్ నెలల్లో గుడ్డులోంచి బయటికి వచ్చే పిల్లల్లో బతికి బట్టకట్టేవి తగ్గిపోయాయి. నా సమాధానమంతా దీని చుట్టూనే తిరుగుతుంది. నేను మిడిల్ జార్జియాలో చాలా ఏళ్ళుగా వసంతకాలం వేటకి వెళ్తున్నాను. వేసవిలో రాష్ట్ర వన్యప్రాణి శాఖ వాళ్ళు చేసే టర్కీ పిల్లల లెక్కకి వివరాలు పంపుతాను. చలికాలం చివర్లో ఒక మిత్రుడి పొలంలో అదుపుగా నిప్పు పెట్టే పనికి సాయం వెళ్తాను. ఆ అనుభవంతో, చదివినదానితో చెప్తున్నాను.

ఈ తగ్గుదల ఎంతటిదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. అమెరికాలో మొదట 39 రాష్ట్రాల్లో అడవి టర్కీ ఉండేది. అడవులు నరికేశారు, ఏ కట్టడీ లేకుండా కొట్టి బజార్లో అమ్ముకున్నారు. 1920 నాటికి 18 రాష్ట్రాల్లో ఒక్కటీ మిగల్లేదు. 1930ల్లో దేశం మొత్తం మీద 2 లక్షలకి పడిపోయిందని ఒక అంచనా. అంతకంటే చాలా తక్కువ ఉండేవని అనేవాళ్ళూ ఉన్నారు.

అక్కడి నుంచి మళ్ళీ పైకి తెచ్చిన కథ నాకు చాలా ఇష్టం. మొదట్లో ఫారాల్లో పెంచిన టర్కీలని తెచ్చి అడవిలో వదిలారు. అవి నిలవలేదు. తల్లి వెనక తిరుగుతూ ఏది తినాలో, దేన్ని చూసి పారిపోవాలో నేర్చుకోని పక్షి అడవిలో ఎక్కువ రోజులు బతకదు. తర్వాత 1951లో సౌత్ కరొలైనాలోని ఫ్రాన్సిస్ మేరియన్ నేషనల్ ఫారెస్ట్‌లో, నీటి పక్షులని పట్టడానికి వాడే ఫిరంగి వలని టర్కీల మీద వేసి చూశారు. మొక్కజొన్న గింజలు చల్లి, గుంపు వచ్చి తింటుండగా వలని ఒక్కసారిగా వాటి మీదికి పేల్చడమే ఆ పద్ధతి. అది ఫలించింది. అలా పట్టిన అడవి పక్షులని టర్కీలు లేని చోటికి తీసుకెళ్ళి వదలడం మొదలుపెట్టారు. 1976లో విస్కాన్సిన్ వాళ్ళు తమ రఫ్‌డ్ గ్రౌజ్ పక్షులని మిసోరికి ఇచ్చి, బదులుగా 29 టర్కీలని తెచ్చుకుని వెర్నన్ కౌంటీలో వదిలారు. మసాచూసెట్స్ 1970ల మొదట్లో న్యూయార్క్ నుంచి 37 పక్షులని తెచ్చుకుంది. ఇవాళ అక్కడ 30 వేలకి పైగా ఉన్నాయి. బాస్టన్ పక్కనున్న బ్రూక్‌లైన్ వీధుల్లో అవి మనుషుల్ని తరుముతున్నాయని అప్పుడప్పుడు వార్తలు చూస్తుంటాం కదా, అవన్నీ వాటి సంతానమే.

1973లో దేశం మొత్తం మీద సుమారు 13 లక్షలు ఉండేవి. 2004 ప్రాంతానికి అవి దాదాపు 67 లక్షలకి చేరాయి. మన జార్జియాలో 1973లో 17 వేలు ఉన్నవి తర్వాత 4 లక్షల దాకా వెళ్ళాయని రాష్ట్ర వన్యప్రాణి శాఖ చెప్తుంది. మిసోరిలో 1960లో మళ్ళీ వసంతకాలం వేట తెరిచినప్పుడు ఆ సీజన్ మొత్తానికి కొట్టింది 94 పక్షులు. 2004 వసంతంలో అదే రాష్ట్రంలో 60,744. అమెరికా వన్యప్రాణి చరిత్రలో ఇంత పెద్ద విజయాలు కొన్నే ఉన్నాయి.

ఆ తర్వాత దిగడం మొదలైంది. మిసోరిలో వసంతకాలంలో కొట్టిన పక్షుల లెక్క 2021లో 35 వేల దగ్గరికి జారింది. మధ్యలో ఒకటి రెండేళ్ళు పిల్లలు బాగా నిలవడంతో మళ్ళీ 45 వేల ప్రాంతానికి ఎక్కింది. అర్కన్సా వాళ్ళు 2003 వసంతంలో దాదాపు 20 వేలు కొట్టారు, తర్వాత అది సగానికి కూడా మిగల్లేదు. దేశం మొత్తం చూస్తే ఇప్పుడు 60 లక్షలకి అటూ ఇటూ ఉంటాయి. అంటే జాతి అంతరించిపోయే ప్రమాదమేమీ లేదు. ఈశాన్య రాష్ట్రాల్లో బాగానే ఉన్నాయి. దెబ్బ తిన్నవి దక్షిణాది, మధ్య పశ్చిమ రాష్ట్రాలు.

ఇందులో కొంత తగ్గుదల రావాల్సిందే అన్నది కూడా ఒప్పుకోవాలి. టర్కీలు లేని కొత్త చోట వదిలిన గుంపు మొదటి పదిహేను ఇరవై ఏళ్ళు విపరీతంగా పెరుగుతుంది. మంచి గూడు చోట్లు ఖాళీగా ఉంటాయి, వాటిని వేటాడే జంతువులకి ఈ పక్షి అలవాటై ఉండదు. ఆ చోట్లన్నీ నిండిపోయాక కొన్ని పెట్టలు చెత్త చోట్లలో గూడు పెట్టాల్సి వస్తుంది, ఒక్కో పెట్టకి దక్కే పిల్లలు తగ్గుతాయి. దక్షిణాది రాష్ట్రాల లెక్కలు చూసిన పరిశోధకులు ఈ లక్షణం కనిపిస్తోందని 2015లోనే రాశారు. 2004 నాటి శిఖరాన్ని మామూలు స్థితి అనుకుని దానితో పోల్చుకుంటే మనకి ప్రతి ఏడూ నష్టంగానే కనిపిస్తుంది. అయినా ఇవాళ్టి పరిస్థితి దానితో మాత్రమే సరిపెట్టేది కాదు. కొన్ని చోట్ల తగ్గుదల ఆగాల్సిన చోట ఆగలేదు.

ఎందుకు ఆగలేదో తెలియాలంటే పెట్ట బతుకు చూడాలి. అది గూడు నేల మీదే పెడుతుంది. ఏ పొద కిందో, పడిపోయిన కొమ్మ పక్కనో చిన్న గుంట, అందులో నాలుగు ఆకులు. రోజుకొకటి చొప్పున పది పన్నెండు గుడ్లు పెట్టి, ఆ తర్వాత 28 రోజులు పొదుగుతుంది. అంటే దాదాపు నలభై రోజులు ఆ గుడ్లు నేల మీద ఉంటాయి. రకూన్, పోసమ్, స్కంక్, కాకి, పాము అన్నీ ఆ గుడ్ల కోసం తిరిగేవే. పొదిగే పెట్టనే కయోటీ (నక్క లాంటి జంతువు), బాబ్‌క్యాట్ (ఒక అడవి పిల్లి) పట్టుకుపోతాయి. దక్షిణాదిలో పది గూళ్ళు పెడితే రెండో మూడో మాత్రమే పిల్లల దాకా వస్తాయి. మొదటిది పోతే కొన్ని పెట్టలు రెండోసారి పెడతాయి, కానీ ఆలస్యంగా పుట్టిన పిల్లలకి గడువు తక్కువ.

పిల్లలు బయటపడ్డాక ఇంకా గండం ఉంది. మొదటి రెండు వారాలు అవి ఎగరలేవు. రాత్రి తల్లి రెక్కల కింద నేల మీదే పడుకుంటాయి. ఆ పది పద్నాలుగు రోజులు దాటితే చెట్టెక్కగలవు, అప్పుడు కాస్త గట్టెక్కినట్టు. వంద పిల్లల్లో నెల దాటేవి మూడో వంతు ఉంటే చాలా సంతోషం. ఆ సమయంలో వాటి తిండి అంతా పురుగులే. మిడతలు, చిన్న పెంకు పురుగులు, సాలీళ్ళు. తెరపలు తెరపలుగా గడ్డి, దాని కింద నడవడానికి కొంచెం ఖాళీ నేల, పైన గద్ద కంట పడకుండా ఆకుల నీడ, మన మోకాలి ఎత్తు మొక్కలు ఉండాలి. వాళ్ళమ్మకి తల ఎత్తితే చుట్టూ కనపడాలి, పిల్లలకి తల దాచుకునే చోటుండాలి. జూన్‌లో కుండపోత వాన పడి పిల్లలు తడిసినా చాలావరకు పోతాయి.

ఇప్పుడు ఇక్కడి నేల ఎలా మారిందో చూడండి. దక్షిణాదిలో ఒకప్పుడు లాంగ్‌లీఫ్ పైన్ అడవులు 9 కోట్ల ఎకరాలు ఉండేవి. పిడుగుల వల్ల, అక్కడి మూలవాసులు పెట్టే నిప్పు వల్ల రెండు మూడేళ్ళకోసారి కింద గడ్డి కాలేది, చెట్లు నిలిచేవి, మళ్ళీ లేత గడ్డి, పూల మొక్కలు లేచేవి. ఆ అడవి 30 లక్షల ఎకరాల దాకా పడిపోయింది. ఎంతో మంది పాటుపడితే ఇప్పుడు 50 లక్షలు దాటింది. మిగిలినచోట కలప కోసం దట్టంగా లోబ్‌లాలీ పైన్ నాటారు. ఏడెనిమిదేళ్ళకి కొమ్మలు కలిసిపోతాయి, కింద చీకటి, పైన్ సూదులు తప్ప ఒక్క మొక్క ఉండదు. అక్కడ గుడ్లు పెట్టాలన్నా, పిల్లల్ని మేపాలన్నా పెట్టకి ఏమీ లేదు. పొలాల గట్లు, పొదలు, బీళ్ళు కూడా చాలా చోట్ల చదును చేసేశారు. పశువుల మేత కోసం వేసిన ఫెస్క్యూ, బెర్ముడా గడ్డి చాపలా అల్లుకుపోతుంది, మూడు రోజుల పిల్ల అందులో అడుగు తీసి అడుగు వెయ్యలేదు. పైగా గూడు మీద పెట్ట కూర్చున్న సమయానికే మొదటి కోత మిషన్ వస్తుంది. పెట్ట లేవకుండా అలాగే కూర్చుని మిషన్ కింద పోయిన సందర్భాలు రైతులు చెప్పగా విన్నాను.

వేటగాళ్ళలో చాలా మంది అంతా కయోటీల మీదికి, రకూన్ల మీదికి నెట్టేస్తారు. అందులో కొంత నిజముంది. 1980ల చివర్లో జంతు చర్మాల ధరలు కుప్పకూలాయి, బోనులు పెట్టేవాళ్ళు మానేశారు, రకూన్లు పెరిగాయి. చిన్న స్థలంలో గూళ్ళ కాలానికి ముందు గట్టిగా బోనులు పెడితే ఆ ఏడాదికి ఉపయోగం కనిపించవచ్చు. కానీ వచ్చే ఏడు మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి. గడ్డి, పొద ఉన్నచోట గూడు దొరకడమే కష్టం కాబట్టి అదే రకూన్ అక్కడ అంత నష్టం చెయ్యలేదు. నన్ను అడిగితే చేతిలో ఉన్న డబ్బూ సమయమూ ముందు నేల మీద పెట్టమంటాను, మిగిలితే బోనుల మీద. ఇంకొకటి, జింకల కోసం మొక్కజొన్న పోసే ఫీడర్లు ఏడాది పొడుగునా నడిపేవాళ్ళకి నా విన్నపం. ఆ ఫీడర్ చుట్టూ చేరేది రకూన్లే. బూజు పట్టిన మొక్కజొన్నలో ఏర్పడే అఫ్లటాక్సిన్ టర్కీలకి విషం. వేట సీజన్ అయ్యాక దయచేసి తీసేయండి.

రోగాల గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు మాటలు. ఎల్‌పీడీవీ అనే వైరస్‌ని అమెరికా అడవి టర్కీలలో 2009లో మొదటిసారి గుర్తించారు. వెతికితే ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో కనిపిస్తోంది, అయితే అది సోకిన పక్షుల్లో ఎక్కువ భాగం జబ్బుపడినట్టు కనపడవు. బ్లాక్‌హెడ్ అనేది కోళ్ళ నుంచి వచ్చే జబ్బు. కోడిని పెద్దగా బాధపెట్టదు, టర్కీని చంపేస్తుంది. ఇంటి వెనక కోళ్ళు పెంచుకునేవాళ్ళు అడవి టర్కీలు ఆ దాణా దగ్గరికి రాకుండా చూసుకోవాలి.

ఇక మీ మొదటి ప్రశ్న, తప్పా ఒప్పా అన్నది. మనం ఇండియాలో పుట్టి పెరిగినవాళ్ళం. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అంటేనే నేరం. కాబట్టి వేటగాళ్ళ వల్ల ఒక పక్షి పెరిగింది అంటే మనకి వెంటనే నమ్మబుద్ధి కాదు. ఇక్కడ పద్ధతి వేరు. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వసూలు చేసి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి పంచుతారు. లైసెన్సుల డబ్బు దానికి తోడు. టర్కీలని పట్టి తీసుకెళ్ళి వదిలిన పనికి ఎక్కువ ఖర్చు ఆ డబ్బులోంచే వచ్చింది. 1973లో మొదలైన నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ కూడా వేటగాళ్ళ సంస్థే.

వేట ఆపేస్తే చాలు పక్షి తిరిగి వస్తుందా అంటే, మన కర్నూలు వైపే ఒక ఉదాహరణ ఉంది. నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడు అభయారణ్యాన్ని 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే పెట్టారు. అది కూడా నేల మీద గుడ్డు పెట్టే పక్షి. తుపాకి మోత లేదు, చట్టం గట్టిగా ఉంది. అయినా చుట్టూ ఉన్న గడ్డి భూములు సాగులోకి వెళ్ళాయి, కరెంటు తీగలు వచ్చాయి, ఆ పిట్ట అక్కడ కనపడడమే మానేసింది. నేల మీద గుడ్లు పెట్టే పక్షికి ఆ నేల లేకపోతే చట్టం ఒక్కటే కాపాడలేదు. రోళ్ళపాడులో వేట అనుమతించాల్సింది అని నేను అనడం లేదు, ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పిట్టకి వేట ఆపాల్సిందే. ఏ పక్షికి ఏది గండమో దాన్నిబట్టి మందు ఉండాలని మాత్రమే చెప్తున్నాను.

టర్కీకి వసంతకాలం వేట ఎందుకు పెద్దగా నష్టం చెయ్యదంటే, అందులో రొమ్ము మీద వెంట్రుకల గడ్డం ఉన్నవాటినే, అంటే దాదాపు పుంజులనే కొట్టాలి. ఒక్క పుంజు చాలా పెట్టలతో కలుస్తుంది. కొట్టినవాటి స్థానంలో మిగతావి వస్తాయి. పుంజులలో మూడో వంతు లోపు పోయినంతవరకు గుంపు తట్టుకుంటుందని సాధారణంగా అనుకుంటారు. శరత్కాలంలో కొన్ని రాష్ట్రాల్లో పెట్టలని కూడా కొట్టనిస్తారు, పక్షులు తగ్గిన చోట నాకు అది నచ్చదు. కాన్సస్ 2023 నుంచి శరత్కాలం వేట ఆపేసింది. మంచి పని చేసింది.

అయితే వసంతకాలం వేట మీద కూడా ఒక పెద్ద వాదన నడుస్తోంది. గుంపులో పెత్తనం చేసే పుంజులు ఉంటాయి, పెట్టలు ఎక్కువగా వాటితోనే కలుస్తాయి. సీజన్ మరీ ముందు తెరిస్తే పెట్టలు గుడ్లు పెట్టకముందే ఆ పుంజులు పోతాయి, దానివల్ల కలయిక చెడుతుందేమో అని జార్జియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మైకేల్ ఛేంబర్లెయిన్ లాంటి పరిశోధకులు చెప్తూ వచ్చారు. చాలా రాష్ట్రాలు దాన్ని పట్టించుకున్నాయి. 2022లో జార్జియా సీజన్ ఆలస్యంగా తెరిచి, మనిషికి మూడు పుంజుల లిమిట్‌ని రెండుకి తగ్గించింది. అదే ఏడు అలబామా లిమిట్‌ని ఐదు నుంచి నాలుగుకి దించి, సీజన్ మార్చి 25కి జరిపి, మొదటి పది రోజులు పుంజుని రప్పించే డెకాయ్ బొమ్మలు పెట్టకూడదంది. ఓక్లహోమా ఒక్క పుంజుకే పరిమితం చేసింది. టెనెసీ 2023లో రెండు వారాలు ఆలస్యం చేసి లిమిట్‌ని రెండుకి తెచ్చింది.

ఇదే టెనెసీలో ఒక మంచి పరీక్ష జరిగింది. రాష్ట్రం మొత్తం మార్చకముందే దక్షిణ మధ్య ప్రాంతంలోని కొన్ని కౌంటీల్లో సీజన్‌ని రెండు వారాలు వెనక్కి జరిపి, జరపని కౌంటీలతో టెనెసీ యూనివర్సిటీ వాళ్ళు పోల్చి చూశారు. పెట్టలకి ట్రాన్స్‌మిటర్లు కట్టి ఎన్ని గూళ్ళు పెట్టాయి, ఎన్ని పిల్లలు నిలిచాయి అని లెక్కకట్టారు. తేడా ఏమీ కనపడలేదు. అది తెలిశాక మా వేటగాళ్ళలో కొందరు, చూశారా అనవసరంగా మా సీజన్ లాక్కున్నారని కోపం తెచ్చుకున్నారు.

నేను వాళ్ళతో ఏకీభవించను. ఆలస్యం చేస్తే పిల్లలు పెరుగుతాయని ఎవరైనా మాట ఇచ్చి ఉంటే అది తప్పు. కానీ పిల్లలు తక్కువ పుట్టే రోజుల్లో రెండేళ్ళ తర్వాత కొట్టదగిన పుంజులు కూడా తక్కువే ఉంటాయి. ఉన్న కొద్ది పుంజులని మొదటి వారంలోనే అయిపోగొట్టకుండా సీజన్ పొడుగునా అడవిలో కూత వినపడేలా చేయడానికి లిమిట్, తేదీలు తప్పకుండా పనికొస్తాయి. నాకు ఆ కూత ముఖ్యం. రెండు పుంజుల లిమిట్ ఒకటికి దిగినా నేను అడ్డు చెప్పను. అది జబ్బుకి మందు అని మాత్రం అనుకోకూడదు. తేదీలు మార్చి చేతులు దులుపుకునే ప్రభుత్వాన్ని నిప్పు, గడ్డి, కలప పలచన చేయడం గురించి మనమే అడుగుతూ ఉండాలి.

పదేళ్ళ తర్వాత ఈ వేట ఉంటుందా అన్నారు. ఉంటుంది. నిషేధం రావడానికి నాకు ఏ దారీ కనపడడం లేదు. కానీ ఇవాళ్టి రూపంలో ఉండదు. లిమిట్లు ఇంకా తగ్గుతాయి. ప్రభుత్వ భూముల్లో లాటరీ పెరుగుతుంది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్ళకి తలుపులు సన్నబడతాయి. కాన్సస్ ఇప్పటికే వాళ్ళకి లాటరీ పెట్టింది, నెబ్రాస్కా పరిమితి విధించింది. కోవిడ్ వచ్చిన 2020 వసంతంలో ఇంట్లో కూర్చున్నవాళ్ళంతా అడవికి వచ్చారు, ఆ ఒత్తిడి ప్రభుత్వ భూముల మీద ఇంకా తగ్గలేదు. యూట్యూబ్ వీడియోల కోసం పది రాష్ట్రాలు తిరిగి కొట్టేవాళ్ళ వల్ల అది ఇంకా పెరిగింది.

పనిముట్ల గురించి కూడా మనసులో మాట చెప్పాలి. ఈమధ్య టంగ్‌స్టన్ గుళ్ళు వచ్చాయి. సీసం కన్నా చాలా బరువు కావడంతో సన్నటి గుళ్ళు కూడా దూరం వెళ్ళి తగులుతాయి. పెట్టలా కూసి పుంజుని నలభై గజాలలోపుకి పిలిచి కొట్టే వేట అరవై గజాలకి వెళ్ళిపోయింది. దూరం కొట్టగలిగితే పిలవడం నేర్చుకునే ఓపిక ఎవరికీ ఉండదు, గాయపడి ఎగిరిపోయే పక్షులూ పెరుగుతాయి. పుంజు తోక విసనకర్రని ముందు పెట్టుకుని పాకుతూ వెళ్ళి కొట్టే రీపింగ్ పద్ధతిని నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. పెత్తనం చేసే పుంజు దాన్ని చూసి కోపంతో పరిగెత్తుకొస్తుంది కాబట్టి అది చాలా సులభం. ఆ విసనకర్ర వెనక మనిషి ఉన్నాడని ఇంకో వేటగాడికి తెలియదు కాబట్టి అంతకు అంత ప్రమాదం. టెనెసీ, సౌత్ కరొలైనా ప్రభుత్వ భూముల్లో దాన్ని ఆపేశాయి. అన్ని రాష్ట్రాలూ ఆపాలి.

మీ వీధిలో కనిపించే గుంపు సంగతి. కమ్మింగ్ లాంటి చోట ఇళ్ళ మధ్య పచ్చిక, బర్డ్ ఫీడర్ల గింజలు ఉంటాయి, వేట ఉండదు, వాటికి మనిషంటే భయం పోతుంది. శీతాకాలంలో చుట్టుపక్కల పక్షులన్నీ ఒక్క గుంపుగా చేరతాయి. ఇరవై పక్షులు రోజూ కనపడుతుంటే ఊరంతా టర్కీలే అనిపిస్తుంది. అవే ఇరవై, చుట్టూ ఎన్నో మైళ్ళకి ఉన్నవన్నీ కావచ్చు. జూన్ నుంచి ఆగస్టు దాకా వాటిని జాగ్రత్తగా చూడండి. ఎన్ని పెట్టలు, వాటి వెనక ఎన్ని పిల్లలు అని రాసుకుని రాష్ట్ర వన్యప్రాణి శాఖ సర్వేలో ఎక్కించండి. పిల్లలు లేని పెట్టలని కూడా రాయాలి, అందరూ అదే మర్చిపోతారు. ఒక్కో పెట్టకి రెండు పిల్లలు లెక్క వస్తే గుంపు నిలబడుతుందని స్థూలంగా అంటారు. దక్షిణాదిలో చాలా ఏళ్ళుగా అది రెండు లోపే ఉంటోంది. వేటాడనివాళ్ళు కూడా చెయ్యగలిగిన సాయం ఇది.

మనవాళ్ళు కొందరు ఊరి బయట ఎకరాల లెక్కన స్థలం కొని వదిలేస్తున్నారు. మీరో, మీకు తెలిసినవాళ్ళో అలా కొంటే ఆ నేలని టర్కీకి పనికొచ్చేలా చేయవచ్చు. పైన్ దట్టంగా ఉంటే పలచన చేయించండి, వెలుగు నేల దాకా దిగాలి. స్థలాన్ని చిన్న చిన్న మడులుగా విడదీసి ఏటా మూడో వంతు అదుపుగా కాల్పించండి. ఒకేసారి అంతా కాల్చకూడదు, అప్పుడు పెట్టకి గూడు పెట్టే చోటే మిగలదు. సొంతంగా అగ్గిపుల్ల గియ్యవద్దు. జార్జియా ఫారెస్ట్రీ కమిషన్ వాళ్ళ పర్మిట్, శిక్షణ ఉన్న మనుషులు, గాలి, తేమ అన్నీ చూసుకునే చెయ్యాలి. వ్యవసాయ శాఖ కింద ఉన్న ఎన్‌ఆర్‌సీఎస్ ఇలాంటి పనులకి ఖర్చులో కొంత భాగం ఇస్తుంది, కౌంటీ ఆఫీసులో అడగండి. ఏప్రిల్ మధ్య నుంచి జూలై దాకా గడ్డి కోయించకండి. మా మిత్రుడి పొలంలో ఫెస్క్యూ చంపేసి నిప్పు తిప్పడం మొదలుపెట్టాక, కాల్చిన రెండో వేసవికే మడుల్లో పిల్లలతో తిరిగే పెట్టలు కనపడ్డాయి.

ఇక హెచ్-1బి సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. అంటే లైసెన్స్ చేతికి రాకముందు సహోద్యోగి తుపాకి సరదాకి పట్టుకోవడం కూడా వద్దు. అలాగని గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. వరస ఇలా పెట్టుకోండి: ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, 1961 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి జార్జియాలో అది తప్పనిసరి, ఆన్‌లైన్‌లో చేయవచ్చు. తర్వాత హంటింగ్ లైసెన్స్, దానితో బిగ్ గేమ్ లైసెన్స్, కొట్టినవి రాసుకోవడానికి ఉచితంగా ఇచ్చే హార్వెస్ట్ రికార్డు. సొంత తుపాకి కొనాలనుకుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

కాబట్టి వెళ్ళండి. మొదటి ఏడు తుపాకి లేకుండా పక్కన కూర్చుని చూసి రమ్మంటాను. తెల్లవారకముందే చేరుకుని, మీ భుజాలకన్నా వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి కూర్చోవాలి. ఎరుపు, తెలుపు, నీలం రంగు బట్టలు, చేతిరుమాళ్ళు కూడా వద్దు, పుంజు తలకి ఉండేవి ఆ మూడు రంగులే. కూత వినపడిన వైపు నక్కుతూ వెళ్ళకూడదు, అక్కడ కూస్తున్నది పిలుపు వాయిస్తున్న మనిషి కావచ్చు. రెండో ఏడు కొట్టాలనిపిస్తే ఒక్కటి చాలు, అదీ ముదురు పుంజుని. జేక్ అనే ఏడాది పుంజుని కొట్టడం చట్టప్రకారం తప్పు కాకపోయినా వదిలేయండి, వచ్చే ఏడు కూసేది అదే. కొట్టాక 24 గంటల్లోపు గేమ్ చెక్ అనే రాష్ట్ర వన్యప్రాణి శాఖ లెక్కలో నమోదు చెయ్యాలి. ఆ లెక్క చూసే వచ్చే ఏటి నిబంధనలు తయారవుతాయి కాబట్టి ఎగ్గొట్టకండి. మాంసంలో రొమ్ము ముక్క మెత్తగా ఉంటుంది, వేపుడికి బాగుంటుంది. తొడలు గట్టివి, చాలామంది పారేస్తారు. పారేయకండి, కుక్కర్‌లో బాగా ఉడికించి నాటుకోడి పులుసులా చేసుకోండి.

మీ సహోద్యోగి పిలిచింది ప్రైవేటు భూమికా, డబ్ల్యూఎంఏకా (వన్యప్రాణుల కోసం రాష్ట్రం నడిపే ప్రభుత్వ భూమి) అన్నది అడిగి చెప్పండి. ప్రభుత్వ భూమి అయితే సీజన్ తెరిచే తేదీ వేరుగా ఉంటుంది, కొన్నిచోట్ల లాటరీకి ముందే దరఖాస్తు పెట్టాలి.